పళ్లెం మోత ఆగే చోట

నా డైరీల్లో ప్రతి పేజీకీ మొదటి వరుస వాతావరణానిది. గాలి ఎటు నుంచి వీచింది, మబ్బు పట్టిందా, ఎండ ఎలా ఉంది. తర్వాత డ్యూటీ సంగతి. ఆ పైనే మిగతావి. ఈ మధ్య తొంభైల చివరి నాటి ఒక శీతాకాలం పేజీలు తిరగేస్తుంటే, చాలా రోజులపాటు మూడో వరుసలో ఒకే మాట కనిపించింది: పళ్లెం సాధన. తెలియనివాళ్లు చదివితే నేను స్టీలు ప్లాంటులో పనిచేశానా, హోటల్లో పనిచేశానా అని అనుమానపడతారు.

అప్పట్లో మా టౌన్‌షిప్‌లో ఉద్యోగులమే కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నాం. పెళ్లి ఊరేగింపుల బ్యాండు కాదు. కుర్చీల్లో వరసగా కూర్చుని, ఎదుట కాగితాలు పెట్టుకుని వాయించే బ్యాండు. క్రేన్లు నడిపేవాళ్లు, ఫర్నేసు దగ్గర చెమటోడ్చేవాళ్లు, నాలా స్టోర్సులో సామాను లెక్కలు చూసేవాళ్లు అందులో ఉండేవారు. మాకు నేర్పడానికి మిలిటరీ బ్యాండులో క్లారినెట్ వాయించి రిటైరైన పెద్దాయన ఒకరు దొరికారు. ఎలమంచిలి దగ్గర రైతు కుటుంబం వారిది. వారానికి రెండు సాయంత్రాలు రైలెక్కి దువ్వాడలో దిగి, అక్కణ్నుంచి ఆటోలో వచ్చేవారు. మేమంతా మేస్టారని పిలిచేవాళ్లం.

నేను మొదట ట్రంపెట్ పట్టుకున్నాను. నెల తిరక్కుండానే మేస్టారు దాన్ని నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నారు. "నీకు ఊదడం రాదు గానీ లెక్క తప్పవు. డ్రమ్ముల కాడికెళ్లు," అన్నారు. మిగతావాళ్లు వాయిస్తుంటే మనసులో లెక్కపెట్టుకుంటూ కూర్చుని, మన వంతు రాగానే సరిగ్గా కొట్టాలి. స్టోర్సులో నా ఉద్యోగమూ దాదాపు అదే. ట్రాంబోన్ వాయించే క్రేన్ ఆపరేటర్ నా పక్కకు జరిగి, "బావా, నువ్వు ఊదీటప్పుడు మా ఈదిలో కుక్కలు నిద్రపోయీవి కావు. మేస్టారు పుణ్యం కట్టుకున్నారు," అన్నాడు.

మేస్టారికి ఒకే ఒక్క కోరిక ఉండేది. ఆయన జీవితమంతా ఇతరులు రాసిన సంగీతమే వాయించారు. ఆయన భార్య అది పట్టుకుని ఆటపట్టించేవారట. ఒకరోజు నవ్వుతూనే మాతో చెప్పారు: "పెళ్లయినప్పట్నుంచీ మా ఇంటిది అంటాది, ఊరోళ్ల పాటలన్నీ ఊదతావు గానీ నీదంటూ ఒకటి లేదేటని. పోయేలోగా నాది ఒకటి, మొదట్నుంచి చివరిదాకా, దానికి వినిపించాల."

ఆ ఒకటి మా వరండాలో దొరికింది. కూర్మన్నపాలెంలో ఉన్న మా క్వార్టరుకు చేపల గంప తీసుకుని ఒకామె వచ్చేది. చేపలు కోస్తూ ఒక కథాగీతం పాడేది. వాళ్ల ఊరి ఆడవాళ్లు తరతరాలుగా పాడుకునేది. తెప్ప మీద వేటకు వెళ్లినవాడు దట్టమైన మంచులో దారి తప్పుతాడు. ఒడ్డు కనిపించదు. అతని భార్య నడుం లోతు నీళ్లలో నిలబడి ఇత్తడి పళ్లెం మీద కర్రతో కొడుతుంది, ఆ మోత విని అటు రమ్మని. చెయ్యి కాయలు కాస్తుంది, అయినా ఆపదు. చివరికి సముద్రపు తల్లికి జాలి కలిగి గాలిని తిప్పుతుంది. అక్కడిదాకా పాడి, ఆమె గంప నెత్తికెత్తుకునేది.

ఈ సంగతి విని మేస్టారు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. ఆమె పాడింది, ఆయన రాసుకున్నారు. తర్వాత చాలాసార్లు వచ్చారు, మా ఆవిడ ఇచ్చిన టీలు తాగారు, మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. ప్రతిసారీ పాట గాలి తిరిగే చోటనే ఆగేది. "పాపం, చివరి చరణం మరిచిపోయినట్టుంది," అన్నారు మేస్టారు బస్టాపు దాకా నడుస్తుండగా. "పోన్లే. అది నాను కడతాను."

సంగీతం సగంలో ఆగితే మేస్టారికి అన్నం సహించదు. రిహార్సల్లో ఎవరైనా చివరి స్వరం ఎగ్గొడితే, సర్దేసిన సంచీ విప్పించి, అది వాయించాకే ఇళ్లకు పంపేవారు. అటువంటి మనిషి ఆ పాటకు ముగింపు కట్టకుండా ఎలా ఉంటారు?

మాటలు లేకుండా ఆ కథంతా వాద్యాలతోనే చెప్పించారు. క్లారినెట్లు కింది స్వరాల్లో మంచు పరిచేవి. ట్రాంబోన్లు అలల్లా లేచి జారేవి. యుఫోనియం అనే లావుపాటి బాకా తెప్ప మీది మనిషి, ఒంటరిగా, కాస్త బొంగురుగా. భార్య చేతిలోని పళ్లెం నాకు ఇచ్చారు. మా ఇంట్లోని పాత ఇత్తడి పళ్లేన్నే స్టాండుకు వేలాడదీశాం. మొదటి నుంచి చివరిదాకా ఒకే నడకలో కొడుతూ ఉండాలి. ముగింపులో ట్రంపెట్లు ఒక్కసారిగా లేస్తాయి, తెప్ప ఒడ్డుకు తగులుతుంది, నేను అరచేత్తో పళ్లెం పట్టుకుని మోత ఆపేస్తాను. ఆ నిశ్శబ్దంతో కథ ముగుస్తుంది. రిహార్సల్లో మొదటిసారి అది కుదిరినప్పుడు మేస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ శీతాకాలంలోనే, చేపలామె ఊరికి దగ్గర్లో ఉన్న ఇసుక తీరంలో మాకు సాయంత్రం కచేరీ ఏర్పాటైంది. మేస్టారు భార్యను ఎలమంచిలి నుంచి తీసుకొచ్చారు. పాట ఇచ్చిన ఆమెనూ, వాళ్ల ఊరి ఆడవాళ్లనూ పిలిచాం. ఎండ ఉండగానే వేదిక మీద ఒకసారి అంతా వాయించి చూసుకున్నాం. ఆడవాళ్లు ఇసుకలో కూర్చుని, తమ పాట అన్ని బాకాల్లోంచి రావడం చూసి ఒకళ్లనొకళ్లు పొడుచుకుంటూ నవ్వారు. ముగింపు దగ్గర నేను పళ్లెం పట్టుకుని ఆపగానే ఆ నవ్వులు ఆగిపోయాయి.

చేపలామె లేచి వేదిక దగ్గరికి వచ్చింది. "పళ్లెమెందుకాపీసినావు బాబూ?" అంది నాతో.

మేస్టారే జవాబు చెప్పారు. "కథయిపోనాది కదమ్మా. ఆడు ఒడ్డుకొచ్చీసినాడు."

"ఎవులొచ్చీసినారు? మా ఊరి బోటొకటి రానేదు. మా ఆయన దాన్లోనే ఉన్నాడు. నిన్ననే రావాల." కోపంగా కాదు, చేపలు లేవని చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఊరి పడవలన్నీ సేరినాకే ఆ సివరి సరణం పాడతాం. ఒక్కటి బయటున్నా పాడం. పళ్లెమాపీసినామంటే, ఇంకెవులూ రావక్కర్నేదని సముద్రానికి సెప్పీసినట్టే కదా."

మేస్టారు వేదిక అంచుకు వచ్చారు. "నువ్వా సరణం మరిచిపోయావనుకున్నానమ్మా. ముందే సెప్పకపోయావా?"

"మీరడిగినారేటి? నాను ఆపీసిన కాడ మీరు టీ తాగీసి, శబాసనీసి ఎల్లిపోయీవోరు."

వెనక ఎవరో నవ్వారు. మేస్టారు నవ్వలేదు. ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూర్చున్న భార్య వైపు చూసి, గొంతు తగ్గించి అన్నారు: "మా ఇంటిది ఇందుకోసమే ఒచ్చిందమ్మా. నాది ఒక్కటైనా చివరిదాకా వినలేదు ఇప్పటికీ."

"ఇనమనండి. నానొద్దన్నానా? మీరు కట్టుకున్నారు, మీ ఇష్టం. నా మట్టుకు నాను, అక్కడికొచ్చీసరికి లేచి ఎల్లిపోతాను."

ఆమె వెళ్లి తన చోట కూర్చుంది. మాలో మాకు వాదన బయల్దేరింది. ట్రంపెట్ల కుర్రాళ్లకు ముగింపులోనే పనంతా. "ఇన్నాళ్లూ ఊపిరి బిగబట్టి నేర్చుకున్నది ఇందుకేటి?" అన్నాడొకడు. ఇంకొకడు, వాళ్ల నమ్మకం వాళ్లది, మన కచేరీ మనదన్నాడు. క్రేన్ ఆపరేటర్ మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, "ఎవులెన్ని అనుకున్నా, కథంతా నీ అరచేతిలో ఉంది బావా," అన్నాడు. మేస్టారు తన కాగితాలు వరసపెట్టుకుంటున్నారు. నేను దగ్గరికి వెళ్లి, ఏం చేయమంటారని అడిగాను. "నా ఎడం చెయ్యి చూడు," అన్నారు.

సాయంత్రం జనం బాగానే వచ్చారు. మార్చింగ్ పాటలు, సినిమా పాటలు అయ్యాయి. చివర్లో మేస్టారు కట్టిన పాట. నేను కొట్టడం మొదలుపెట్టాను. అన్నేళ్లలో మేం అంత బాగా వాయించిన రోజు మరొకటి లేదు. యుఫోనియం ఒంటరిగా పాడుతున్నప్పుడు అల వెనక్కి లాగే చప్పుడు కూడా తాళంలోనే ఉన్నట్టు అనిపించింది. పాటలో గాలి తిరిగింది. ట్రంపెట్లు పెదాలకు ఆనాయి. ఇసుకలో ఆమె లేవడానికి చెయ్యి నేలకు ఆనించింది. మేస్టారు ఒక్క క్షణం భార్య వైపు చూశారు. తర్వాత కుడిచేతిలోని, బ్యాండును నడిపించే పుల్ల దించేసి, ఎడం అరచెయ్యి నా వైపు తిప్పారు. మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించారు. ఆపకు, కొడుతూ ఉండు.

ట్రంపెట్లు పైకి లేవలేదు. బ్యాండంతా ఆగింది. పళ్లెం ఒక్కటే మోగుతోంది. జనానికి అర్థం కాలేదు. కొందరు చప్పట్లు కొట్టబోయి మానుకున్నారు. "కరెంటు పోనాదేటి?" అన్నాడు వెనక ఒకాయన, దీపాలు వెలుగుతుండగానే. అప్పుడు ఆమె వేదిక ఎక్కి వచ్చి, నా చేతిలోని కర్ర అందుకుంది, లయ తప్పకుండా. ఇంకో ఇద్దరు స్టాండుకున్న పళ్లెం విప్పుకున్నారు. ఆడవాళ్లంతా ఆ మోతతోనే నీళ్ల అంచుదాకా నడిచి వెళ్లారు. మేం కాగితాలు సర్దుకుంటుంటే అది వినిపిస్తూనే ఉంది.

మేస్టారి భార్య ఆయన దగ్గరికి వచ్చి, "ఇదేనా నీ సొంత పాట? సగం పాట," అన్నారు. అని, ఆయన చేతిలోని సంచీ తానే అందుకుని నడిచారు.

మర్నాడంతా కబురు లేదు. ఆ పేజీలో మొదటి వరుస తప్ప నేనేమీ రాయలేదు. ఆ మర్నాడు ఉదయం ఆమె గంప లేకుండా మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడే, "వొచ్చీసినారు," అంది. "ఏటలా సూత్తన్నారు? మీ బాకాలోళ్లనీ తోలుకురండి. అందరూ సేరినారు. ఇప్పుడాపొచ్చు."

ఎలమంచిలిలో మేస్టారి పక్కింటికి ఫోన్ చేశాను. ఇద్దరూ వెంటనే దొరికిన రైలెక్కారు. మా వాళ్లలో సగంమంది డ్యూటీలో ఉన్నారు. ఒక ట్రంపెట్, రెండు ట్రాంబోన్లు, యుఫోనియం మాత్రమే దొరికాయి. క్రేన్ ఆపరేటర్ రాత్రి డ్యూటీ చేసి, స్నానం కూడా చేయకుండా లుంగీతోనే వచ్చేశాడు. బోట్ల దగ్గర అప్పుడే వేలంపాట ముగిసింది. మేం తడి ఇసుకలో నిలబడ్డాం. ఆమె భర్త వలలు మడుస్తున్నాడు. బక్కపలచని మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మొన్న రాత్రి పళ్లెం కొట్టినాం, ఇనిపించిందేటి?" అని అడిగాడు మా క్రేన్ ఆపరేటర్.

"పళ్లెమేటి? ఇంజను ఆగిపోనాది. ఇంకో బోటోళ్లు సామానిత్తే బాగుసేసుకున్నాం," అన్నాడతను. ఆమె అతని వైపు ఒక చూపు చూసింది. "ఇనిపించింది, ఇనిపించింది," అన్నాడు వెంటనే. అందరం నవ్వాం.

గాలి తిరిగే చోటు నుంచే ఎత్తుకున్నాం. ఆ నాలుగు బాకాలతో అది కాగితం మీద ఉన్నట్టు రాలేదు. ట్రంపెట్ ఒకచోట పగిలింది. కాకులు అరుస్తున్నాయి. కానీ తెప్ప ఒడ్డుకు తగిలింది. పళ్లెం పట్టుకుని ఆపింది నేను కాదు, ఆమే. వేళ్లు విప్పి, అరచెయ్యంతా ఇత్తడికి ఆనించింది. మోత ఆగింది. 

మేస్టారు భార్య వైపు తిరిగారు. ఆవిడ చేపల గంపల మధ్య చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు. "అయిపోయిందా?" అన్నారు.

"అయిపోయింది. ఎలాగుంది?"

"బాగుంది. నీదేనా?"

"చివర నాది. మిగతాది ఈళ్లది."

"మరి ఇన్నేళ్లూ కూకుని ఏటి సేత్తన్నావు?" అన్నారావిడ. మాటలో మామూలు వేళాకోళమే ఉంది గానీ, ఆయన చొక్కా చేతికి అంటిన ఇసుక దులుపుతూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

తర్వాత మేం ఆ పాట చాలాచోట్ల వాయించాం. ముగింపు కాగితం పైన మేస్టారు పెన్సిలుతో రాసుకున్నారు: పడవలు చేరాయో లేదో అడగాలి. సెల్‌ఫోన్లు వచ్చాక, మా వంతుకు ముందు నేను ఆమెకు ఫోన్ చేసేవాణ్ని. అందరూ వచ్చేశారంటే ముగింపు వాయించేవాళ్లం. లేదంటే పళ్లెంతోనే వదిలేసేవాళ్లం. ఎక్కువసార్లు వదిలేయాల్సే వచ్చింది. వినేవాళ్లు అలవాటుపడ్డారు. వదిలేసిన రోజున కొందరు కచేరీ అయ్యాక మా దగ్గరికి వచ్చి, ఎవరు రావాలి ఇంకా, అని అడిగి వెళ్లేవారు.

ఊదడం రాని నా చేతికి ఆ పళ్లెం ఇచ్చినందుకు మేస్టారికీ, దాన్ని ఎప్పుడు ఆపాలో చెప్పినందుకు ఆమెకూ నేను ఋణపడి ఉన్నాను. బ్యాండు ఇప్పుడు లేదు. మేమంతా ఒక్కొక్కరుగా రిటైరయ్యాం. ఆ పాత పళ్లెం కూడా నా దగ్గర లేదు. ఆ ఉదయం ఆమె చేతిలో ఉన్నదాన్ని తిరిగి అడగాలని అనిపించలేదు. తర్వాతి కచేరీలకు మా ఆవిడ సణుగుతూనే ఇంకొకటి తీసి ఇచ్చింది.

నిన్న ఉదయం మంచు బాగా పట్టింది. డైరీలో మొదటి వరుసలో అదే రాశాను. రాసి, ఆమెకు ఫోన్ చేశాను. అందరూ ఇళ్లలోనే ఉన్నారంది.