ఆపా మూసిన గుప్పిళ్లు

మొన్న ప్రొద్దుటూరులో, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, డిగ్రీ చదివే మా మనవరాలు నా పక్కన కూర్చుని ఫోన్లో ఒక కోతిని చూపించింది. కోతి ముందర టీవీ లాంటి పలక, దాని మీద రెండు బొమ్మలు. ఒక బొమ్మను ముట్టుకుంటే ఎప్పుడూ పండ్లరసం నాలుగు చుక్కలు నోట్లో పడతాయి. ఇంకోదాన్ని ముట్టుకుంటే ఒకసారి శానా పడతాయి, ఒకసారి అసలు పడవు. కళ్ల వెనకాల, నొసటి లోపల ఒక చోటు ఉంటుందట. ఎంత దొరుకుతుంది, కచ్చితంగా దొరుకుతుందా, ఎంతసేపు కాచుకోవాలి అని ఆ చోటే తూకం వేస్తుందట. మనుషులకూ అంతేనట. ఆ చోటు పేరు రెండుసార్లు పలికి చెప్పింది గానీ, ఐదో తరగతితో బడి మానేసిన నా నోటికి తిరగలేదు. అయినా ఆ కోతి వేలు రెండు బొమ్మల మధ్య ఊగుతుంటే, ఇది నాకు తెలిసిన సంగతే కదా అనిపించింది. జమ్మలమడుగులో మా పక్కింటి ఆపా ఏ పలకా లేకుండా, ఉత్త చేతులతో రోజూ చేసిన పనే ఇది.

అప్పట్లో మేము జమ్మలమడుగులో బాడుగింట్లో ఉండేవాళ్లం. మా ఆయన పులివెందుల, లింగాల తోటల్లో అరటిగెలలు కొని లారీలకు ఎత్తించేవాడు. మచ్చ పడిన పండ్లన్నీ ఇంటికి చేరేవి. మేము తిని, వీధికి పంచి, మిగిలినవి కోతులకు వేసేవాళ్లం. దాంతో మా వీధి కోతులకు నాలుక చెడింది. అరటిపండు చూపిస్తే మర్యాద తక్కువైన వియ్యపురాలి మాదిరి మొహం తిప్పుకునేవి. పక్కింటి ఆపా నాకంటే పదిహేనేండ్లు చిన్నది. ఆపా అంటే వాళ్లలో అక్క. వీధంతా ఆపా అంటుంది కాబట్టి నాకూ ఆపానే. ఆమె నన్ను అక్కా అనేది. అట్లా ఒకరికొకరం అక్కలమై బతికాం. ఆమె భర్త తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. ఆయన్ను అందరం భాయ్ అనేవాళ్లం.

ఆడపిల్లలిద్దరూ బడి నుంచి వచ్చే లోపల, సాయంత్రం కాస్త తీరిక దొరికితే ఆపా అరుగు మీద కూర్చునేది. చెవి తెగిన ముసలి కోతి ఒకటి పిట్టగోడ దిగి ఆమె ముందుకు వచ్చేది. ఆపా రెండు గుప్పిళ్లు మూసి చాపేది. ఒక దాంట్లో చెనిక్కాయల ఉండ, వేయించిన పప్పులూ బెల్లమూ దంచి కట్టింది. రెండో దాంట్లో ఏమీ ఉండదు. కొన్నాళ్లు కుడిచేతిలోనే పెట్టింది. కోతికి అది తెలిసిపోయి నేరుగా కుడిచేతినే తట్టేది. అప్పుడు ఎడమకు మార్చింది. రెండు రోజులు అది కుడిచేయి విప్పి చూసి, పండ్లు ఇకిలించి ఆపాను తిట్టింది. మూడో రోజు ఎడమకు వచ్చింది. ఇంకో ఆట కూడా ఉండేది. ఒక అరచేతిలో చిన్న ముక్క పెట్టి చూపిస్తుంది, రెండో గుప్పిట మూసి నిదానంగా పది లెక్కపెడుతుంది. కాచుకుంటే ఉండ మొత్తం దానిదే. కడుపు నిండిన రోజు అది వీపు గోక్కుంటూ, పక్క చూపులు చూస్తూ కాచుకునేది. ఆకలిగా వచ్చిన రోజు ముక్క లాక్కుని పోయేది. ఏ ఆటలోనైనా, ఏదో ఒక చేతిలో ఉండ మాత్రం తప్పకుండా ఉండాలని ఆపా పట్టుదల. ఉత్త చేతులు చాపి నోరులేని జీవాన్ని మోసం చేయకూడదనేది. ఒకసారి నాతో, "చూడక్కా, ఆకలైతే ఇదే నయం, చేతిలో ఉండేది తింటాది. మా ఆయన చేతిలో పని ఇడిసిపెట్టి కువైట్‌లో యాడనో ఉండేదానికి చేయి చాపుతాండాడు," అనింది. నవ్వుతూనే అనింది గానీ, ఆ మాటతో పాటు ఉండను కూడా గట్టిగా నలిపేసింది.

భాయ్‌కి వీసా వచ్చింది. ఆ వారం దాటితే అది పనికిరాదు, మళ్లీ వచ్చేది నమ్మకం లేదు. చెన్నై విమానానికి పొద్దున్నే కారు వచ్చి నిలబడింది. ప్రయాణం పోయేవాళ్ల కుడిచేతి రెట్టకు గుడ్డలో నాణెం చుట్టి కడతారు, ఇమామ్ జామీను అంటారు. భాయ్ వాళ్లమ్మ అది కడుతుంటే ఆయన భుజానికుండే సంచి తీసి అరుగు మీద పెట్టాడు. పాస్‌పోర్టు, కాగితాలు అన్నీ అందులోనే. ముందు రోజు నేనూ ఆపా కలిసి కట్టిన ఉండలన్నీ కూడా, దారిలో తింటాడని, ఆపా ఆ సంచి పైజేబులోనే కుక్కింది. కోతులను అంత ఎరిగిన మనిషి చేయాల్సిన పని కాదది. చెవి తెగిన కోతికి ఆ వాసన తెలియనిదా? సంచి ఎత్తుకుని మిద్దె పిట్టగోడ మీద కూర్చుంది.

కర్ర తెమ్మని ఒకరు, కర్ర చూస్తే మిద్దెలు దాటి పోతుందని ఒకరు. మా ఆయన గర్వంగా ఒక అత్తం అరటిపండ్లు తెచ్చి ఊపాడు. ఎదురింటి దర్జీ, "మామా, నీ పండ్లు చూసి చూసి దానికి ఎగటు పుట్టింది. లోపల పెట్టుకో," అన్నాడు. కోతి ఉండలన్నీ తినేసి, ఇంకా ఉన్నాయేమోనని సంచి అంతా వెతికి, పాస్‌పోర్టు బయటికి తీసి మూల నోట్లో పెట్టుకుంది. ముడి సగం పడిన చేయి అట్లాగే ఎత్తి భాయ్ నిలబడిపోయాడు.

ఆపా గడప దాటలేదు. నేనే దగ్గరికి పోయి, "పిలువు ఆపా, నీ మాట వింటాది," అన్నాను.

"వింటాదనే పిలవలేదక్కా," అనింది.

ఆమె కండ్లు కోతి మీద లేవు, భాయ్ మీద ఉన్నాయి. ఆయనా ఆమెనే చూస్తున్నాడు. పిలువమని నోరు తెరిచి అడగలేదు. నాకే ఆగలేదు. "భాయ్ మొగం ఒకతూరి చూడు," అన్నాను. చూస్తూనే ఉన్న మనిషికి మళ్లీ చూడమని చెప్పాను. ఆపా గడప దాటి, అరుగు మీదికి వచ్చి కూర్చుని, రెండు గుప్పిళ్లు మూసి చాపింది.

ఇంట్లో ఒక్క ఉండ కూడా మిగల్లేదని మా ఇద్దరికే తెలుసు. కోతి తన చేతిలోది చూసింది, కింద గుప్పిళ్లను చూసింది. పాస్‌పోర్టును గోడ మీద వదిలి దిగింది. కుడిచేయి విప్పింది. ఎడమచేయి విప్పింది. ఆ లోపల ఎవరో మెట్లెక్కి సంచీ పాస్‌పోర్టూ అందుకున్నారు. కోతి ఆపా అరచేతులను తిప్పి తిప్పి చూసి, ఆమె మొహంలోకి ఒకసారి చూసింది. పండ్లు ఇకిలించలేదు. అట్లాగే లేచి పోయింది. కారు కూడా పోయింది.

మరుసటి రోజు నుంచి ఆపా రెండు చేతుల్లోనూ ఉండలు పెట్టుకుని కూర్చునేది. కోతి గోడ మీది నుంచి చూసేది గానీ దిగేది కాదు. ఉండలు అరుగు మీద పెట్టి ఆమె లోపలికి పోయాక వచ్చి తినేది. వచ్చే రంజాన్‌కు వస్తానని భాయ్ ఫోన్లో చెప్పేవాడు. మొదట్లో ఆపా తారీఖు అడిగేది. పోను పోను సరేనని మాత్రం అనేది. ఇన్నేండ్లలో రెండుసార్లు వచ్చాడు, ఒక్కోతూరి నెల ఉండి తిరిగి పోయాడు. మేము ప్రొద్దుటూరికి మారిపోయాం. జమ్మలమడుగు ఎంత దూరం, బస్సెక్కితే గంట కూడా పట్టదు. పోయి ఆ అరుగు మీద ఆపా పక్కన ఒక సాయంత్రం కూర్చోవాలని ప్రతి వారమూ అనుకుంటాను. ఇంకో రెండు నిమిషాలు నేను నోరు మూసుకుని ఉండింటే ఏమయ్యేదో, నాకు తెలియదు. మంచి చేస్తున్నామనుకుని తొందరపడిన నిమిషాలను కాలం వెనక్కి ఇవ్వదు. వాటి తర్వాతి ఏండ్లను మాత్రం ఒక్క రోజు కూడా తగ్గించకుండా ఇస్తుంది.