చంద్రక్క పుస్తకం పట్టుకుని ధర్మవరం పోయిన రోజు

చంద్రక్క కన్నడంలో రాసేది, నేను తెలుగులోకి తెచ్చేదాన్ని. బెంగళూరులో మా రెండిళ్ల మధ్య ఒక్క గోడే అడ్డం. పొద్దంతా పట్టు పనివాళ్ల సంఘం అంటూ తిరిగేది, తెల్లవారుజామున లేచి రాసుకునేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు మజ్జిగ, తర్వాతే మాట. పోయిన ఏడాది ఆమె కన్నుమూసింది. ఆమె ఆఖరి పుస్తకం నా చేతిలో ఒక్క అధ్యాయం దగ్గర ఆగిపోయింది. హిందూపురంలో పట్టు తీసే ఆడవాళ్ల నుంచి ధర్మవరంలో చీరలు నేసే ఇళ్ల దాకా తిరిగి రాసిన పుస్తకం అది. ఆ అధ్యాయం పక్కన పెన్సిల్‌తో అక్క రాసుకున్న మాట ఒకటుంది: "తెలుగులోకి పోయే ముందు ఓబుళమ్మను అడగాలి. మాటిచ్చాను." అడగకుండానే అక్క పోయింది, మాట వచ్చి నా మెడకు చుట్టుకుంది.

సంగతి ఇది. ఓబుళమ్మ భర్త నారాయణప్పకు ఒకప్పుడు చీరల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. చీర కొంగు దాకా వచ్చాక ఆయన చేయి విరిగితే, ఆ కొంగు ఓబుళమ్మ నేసింది. పేరు మాత్రం ఆయనది. ఈ ముచ్చట ఆమె చంద్రక్కకు చెప్పి, "కన్నడంలో రాసుకో, మా వీధిలో కన్నడం చదివేవాళ్లు లేరు. తెలుగులో మాత్రం వద్దు" అందట. నేను చేయబోతున్నది సరిగ్గా ఆ వద్దన్న పనే. ఫోన్‌లో అడిగేసి చేతులు దులుపుకునే విషయం కాదు కదా! సంచిలో పుస్తకం, ఆ అధ్యాయానికి నా తెలుగు చిత్తుప్రతి పెట్టుకుని బయల్దేరాను.

ఉదయం ఆరు దాటాక బెంగళూరులో రైలెక్కితే ఎనిమిదిన్నర ప్రాంతంలో హిందూపురం. జనరల్ టికెట్ వందకు లోపే. కిటికీ బయట మంచు పలచగా పరుచుకుని, బండరాళ్ల గుట్టలు అందులో తేలుతున్నట్టు కనిపించాయి. ఎక్కడ కన్నడం ఆగి ఎక్కడ తెలుగు మొదలైందో బోర్డులు చెప్పాలే తప్ప మనుషులు చెప్పరు. నా ఎదుటి సీటులో ఒక అవ్వ మనవరాలిని తెలుగులో ముద్దు చేసి కన్నడంలో తిట్టింది. నేను సగం నిద్రలో వింటూ, పక్కన చంద్రక్క కూర్చుని ఉందనే అనుకున్నాను.

స్టేషన్ బయట ఆటో అబ్బాయి "లేపాక్షికేనా అక్కా?" అన్నాడు. కాదప్పా, పట్టుగూళ్ల మార్కెట్‌కి అన్నాను.

"అందురూ బసవన్నను చూసేకి వస్తారు, మీరేందక్కా పురుగుల కాడికి పోతాండారు!" అంటూనే అరవై రూపాయలకు తీసుకుపోయాడు.

మార్కెట్లో గూళ్లు ట్రేల నిండా తెల్లగా, పసుపుగా పోసి ఉన్నాయి. చేయి పెడితే వెచ్చగా ఉన్నట్టనిపించింది. దగ్గర్లోనే పట్టు తీసే షెడ్డు. మరిగే నీళ్ల ముందు కూర్చున్న ఒకామెను చంద్రక్క గుర్తుందా అని అడిగాను. ఆమె చేయి ఆపకుండానే చెప్పింది: "గుర్తు లేకేం! మా చేతులు చూసి ఏడ్చింది. ఏడ్చి ఊరికే పోలేదు, యజమానితో జగడం పెట్టుకునింది. మాకు వారానికి ఒక దినం సెలవు వచ్చింది ఆయమ్మ పుణ్యమే." వేళ్ల కొసలు నానిపోయి తెల్లగా ఉన్నాయి. అక్క పుస్తకంలో మొదటి పేజీ ఈ వేళ్ల గురించే. అనువదించేటప్పుడు కాస్త ఎక్కువ చేసి రాసిందేమో అనుకున్నాను. నాకు సిగ్గేసింది.

పెనుకొండ బస్సులో కండక్టర్ ఆడవాళ్లందరికీ ఉచిత ప్రయాణపు సున్నా టికెట్లు కొడుతూ వచ్చి, నా ఆధార్ చూసి నవ్వాడు. "మీది కర్నాటక కార్డు మేడమ్. దుడ్లు తియ్యండి." తెలుగులో ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. గంట ప్రయాణం. దిగగానే ఒక చిన్న మెస్సులో రాగిముద్ద, దాంట్లోకి చెనిక్కాయలు నూరి చేసిన ఊరుబిండి పచ్చడి తిన్నాను. వడ్డించే అమ్మ "ఇంగో ముద్ద వేసేదా?" అని అడుగుతూనే వేసేసింది. ఆ భారంతో రాయల కాలపు గగనమహల్ దాకా నడిచి, నీడలో ఒక మెట్టు మీద కూలబడ్డాను. పైన కొండ, కోట గోడ, ఊళ్లోంచి వచ్చే గాలి. కళ్లు మూతలు పడ్డాయి. సంఘం ఆడవాళ్లతో హిందూపురం నుంచి ధర్మవరం దాకా నడిచినప్పుడు అక్క ఈ ఊళ్లోనే ఆగి, కాళ్ల బొబ్బలకు కొబ్బరినూనె రాసుకుందట. నడక ఎందుకక్కా, బస్సుంది కదా అని ఒకసారి అడిగాను. "బస్సులో పోతే ఎవరూ ఏమీ చెప్పరే" అంది. ఆ మగతలో ఆమె చెప్పుల చప్పుడు నిజంగానే విన్నాను. లేచి చూస్తే రెండు మేకలు.

ధర్మవరం చేరేసరికి మూడు దాటింది. బస్టాండ్ నుంచి ఆటోలో పది నిమిషాలు. సందులోకి తిరగగానే మగ్గాల చప్పుడు ఇంటింటి నుంచీ వస్తోంది. ఓబుళమ్మకు డెబ్బై దాటి ఉంటాయి, సన్నటి మనిషి. ముందుగదిలో కోడలు మగ్గం మీద ఉంది. పక్కగదిలో నారాయణప్ప రాట్నం తిప్పుతూ కండెలు చుడుతున్నాడు. గోడ మీద ఫ్రేములో ఆయన పేరున్న బహుమతి పత్రం.

చంద్రక్క పోయిందని, తెలుగు పుస్తకం సంగతి అడగాలని చెప్పగానే ఓబుళమ్మ నన్ను వంటింట్లోకి లాక్కుపోయి గొంతు తగ్గించింది. "వద్దు పాపా. కన్నడంలో ఉంటే ఉండనీ. తెలుగులో వస్తే ఈ సందులో ఎవురో ఒకరు సదువుతారు. ఈ వయసులో ఆయప్ప తల దించుకోవల్నా?"

సరేనమ్మా, ఆ అధ్యాయం తీసేస్తాను అన్నాను. నోటితో అన్నానే గానీ ప్రాణం ఉసూరుమంది. పుస్తకానికి గుండెకాయ అదే.

పుస్తకం సంచిలో పెట్టుకోబోతుంటే ఆమె నా చేయి పట్టుకుంది. "అక్క ఎట్ల రాసిందో ఒక్కసారి సదువు. నేను ఇంతవరకూ వినలేదు."

తెలుగులో మెల్లగా చదివాను. మగ్గం చప్పుడులో వినబడదులే అనుకున్నాను. ఆమె కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ విన్నది. కొంగులో హంసలు దిగిన చోటికి వచ్చేసరికి పక్కగదిలో రాట్నం ఆగిపోయింది. తల ఎత్తితే నారాయణప్ప గుమ్మంలో ఉన్నాడు. చదవడం ఆపేశాను.

"తప్పు రాసిండారు" అన్నాడాయన.

ఓబుళమ్మ లేచి నిలబడింది. "ఏమీ లేదులే, నువ్వు పోయి కూర్చో పో."

"కొంగు ఒక్కటే ఏంది? మొదటి పోగు వేయకముందే నా చేయి ఇరిగింది. చీర మొత్తం నేసింది ఈమె. నేను మంచం మీద పండుకుని చూస్తాంటి." ఆయన గోడకు ఆనుకున్నాడు. "పేరు పిలిచినప్పుడు ఒక్క మాట చెప్పింటే అయిపోయిండు. సిగ్గయి చెప్పలేదు. మళ్ల చెప్పేకి ఇంగా సిగ్గయింది."

నేను ఓబుళమ్మ వైపు చూశాను. తన వీధిలో ఎవరూ చదవని కన్నడంలో కూడా ఆమె మొగుడికి ముప్పాతిక చీర మిగిల్చి పెట్టింది! నాకు ఏడుపు ఆగలేదు. కోడలు మగ్గం ఆపి మమ్మల్నే చూస్తోంది.

"రాయమ్మా" అన్నాడు నారాయణప్ప. "సరిగ్గా రాయి."

"నువ్వు చెప్పినావని రాసేది కాదు," ఓబుళమ్మ గట్టిగా అంది. నా వైపు తిరిగింది. "నేను చెప్తాండా, రాయి పాపా. పేరు పెట్టి రాయి. మా నాయన ఇంటిపేరుతో."

సాయంత్రం రైలు కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చుని ఆ అధ్యాయం సరిదిద్దాను. కొట్టేసింది చాలా కొద్ది, చేయి విరిగింది మొదటి పోగుకు ముందేనని మార్చి, "కొంగు" తీసి "చీర" అని రాశాను, "ఆమె" అన్నచోటల్లా పామిడి ఓబుళమ్మ అని. చంద్రక్క జీవితమంతా చేసిన పని ఇదేనని అప్పుడు అర్థమైంది: అడగడం, చెప్పేదాకా కూర్చోవడం. అక్క ఉంటే ఈ దిద్దుబాటు చూసి మురిసిపోయేది. లేదు కదా అన్న బాధ రైలు వచ్చేదాకా పోలేదు, ఎక్కాకా పోలేదు.

ధర్మవరంలో నేత ఇళ్లకు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. పదింటికీ నాలుగింటికీ మధ్య వెళ్లండి, మగ్గాలు నడుస్తుంటాయి. చీర నచ్చితే నేసింది ఎవరని అడగండి. జవాబు ముందుగదిలోనే వచ్చేస్తే, వంటింట్లోకి వినబడేలా ఇంకోసారి అడగండి.