దాలయ్య వల కోసిన ఉదయం

గోపాల్‌పూర్ ఒడ్డున దాలయ్య, సముద్రంలోకి వెళ్లి తిరిగిరాని కొడుకు వలను ప్రతి ఆదివారం ఎండలో పరచి, ఎలుకలు కొరికిన చోటల్లా మళ్లీ అల్లేవాడు. శవం దొరకలేదు కనుక ఆ ఇంట్లో ఎవరూ ఇంకా ఏడవలేదు. నిన్న తాను బడికి తీసుకెళ్తుంటే, పాత సైకిలు వెనక కూర్చున్న మనవరాలు రింకి మడమ స్పోకుల్లో పడి చీరుకుపోయింది. ఈ ఉదయం ముసలాయన బీడీ ఆర్పి, ఆ వలనే కోసి చక్రానికి రెండువైపులా బిగించి కడుతున్నాడు.

"మావా, అది నీ కొడుకు వల! రేపొచ్చి అడిగితే ఏటి సెప్తావు?" కోడలు మంగమ్మ వల అంచు పట్టుకుంది.

"పిల్ల కాలు సూడమ్మా," అన్నాడు, ముడి మీంచి తలెత్తకుండా.

మంగమ్మ వల అంచు వదిలేసింది. తర్వాత లోపలికెళ్లి, ఉతికి కొక్కేనికి తగిలించి ఉంచిన మొగుడి చొక్కా తెచ్చి, రింకి తమ్ముడు చిన్నోడు కూర్చునే సైకిలు ముందు కడ్డీకి మెత్తగా చుట్టింది.