పెంటవ్వ ఎవరు?

మూడేండ్ల కింద, మా బిడ్డ పెండ్లయిన కొత్తల జరిగిన ముచ్చట ఇది. మాది ఎల్లారెడ్డి. నా అసలు పేరు పెంటవ్వ. సంబంధం మాట్లాడేటప్పుడు, పేరు వింటే నవ్వుతరని నేను పద్మ అని చెప్పిన. పెండ్లి కార్డు మీద గూడ అదే అచ్చు కొట్టించినం.

ఓ దినం కండ్లు సూపించుకుందామని కామారెడ్డి దవాఖానకు పోతే, లింగంపేట నుంచి మా వియ్యపురాలు భాగ్యలక్ష్మి గూడ వచ్చి కూసున్నది. "దా వదినె, ఇట్ల కూసో" అని జరిగి జాగ ఇచ్చింది. చీటీ మీద ఆధార్ కార్డుల ఉన్న పేరే రాసిండ్రు. వదినె కంట పడకుండ నేను చీటీ మడిచి కొంగుల ముడేసుకున్న.

నర్సమ్మ బయటికొచ్చి "పెంటవ్వ ఎవరు?" అని గట్టిగ పిలిచింది. నేను తల వంచుకున్న. పలకకుంటే మళ్ల అందరి ఎనుక ఆగాలె. రెండోసారి పిలిచింది. ఇగ ఏమైతే అదైతదని లేచిన. పక్కకు జూస్తే వియ్యపురాలు గూడ లేచి నిలవడ్డది!

"నువ్వెందుకు లేచినవ్ వదినె?" అన్న.

"నన్నే పిలుస్తుండ్రు. మరి నువ్వెందుకు లేచినవ్?"

నర్సమ్మ "ఏ ఊరి పెంటవ్వ?" అనంగనే ఇద్దరం నోట్ల కొంగు కుక్కుకొని నవ్వినం.

నాకంటె ముందు పుట్టిన ముగ్గురు పోయిండ్రట. నేనన్న దక్కాల్నని మా అవ్వ నన్ను చాటల వేసి, పెంటకుప్ప మీద పండవెట్టి, మళ్ల ఎత్తుకొచ్చి ఆ పేరు పెట్టింది. వదినె కథ గూడ గదే. ఇప్పుడు మా దిక్కు ఏ పసిపిల్లకూ ఆ పేరు పెడ్తలేరు. పుట్టిన పిల్లలు దక్కుతుండ్రు మరి, ఇంక ఆ పేరుతోని ఏం పని?