కమిటీ ముందు ఊకొట్టిన వైనం

ఒక దేశపు చట్టసభ ఏడాది పొడవునా చేసే పనిలో నా వంతుకు వచ్చింది ఒక్క ఉదయం. ఆ ఒక్క ఉదయంలోనే, ఒక్క మాటైనా మాట్లాడకుండా, మస్కట్‌లోని రూవీలో రెండో అంతస్తులో హాయిగా నడుస్తున్న మా పసిపిల్లల నర్సరీని దాదాపు రోడ్డు మీదకి తెచ్చాను. నోరు జారి కొంప ముంచుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. నోరు విప్పకుండా ముంచిన మనిషిని చూడాలనుకుంటే కాస్త దగ్గరగా వచ్చి చదవండి.

అప్పటికి నాకు యాభై ఎనిమిదే. తెలిసీ తెలియని వయసు.

నర్సరీ మేడమ్ జలీలాది. ఆవిడ ఒమానీ. ఆఫీసు చూసుకునేది నేను. ఏ పిల్లవాడికి వేరుశెనగ పడదు, ఏ పాపను ఏ వేళకి ఎవరు తీసుకెళ్తారు, అన్నీ నాకు నోటికే వచ్చు. గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడితే దాన్ని సరిచేసేదాకా నాకు అన్నం సయించేది కాదు. గొప్పకు చెప్పడం లేదు. ఇంత కచ్చితమైన మనిషి ఎంత కచ్చితంగా బోర్లాపడిందో మీకు తెలియాలని చెబుతున్నాను.

నాకింకో పిచ్చి కూడా ఉండేది. ఆ దేశపు చట్టసభ ఎండలు తగ్గాక సమావేశాలు మొదలుపెట్టి, మళ్లీ వేసవి ముదిరేలోగా ముగిస్తుంది. ఆ మధ్యకాలంలో చదువులకో కమిటీ, ఆరోగ్యానికో కమిటీ, నీళ్లకూ తిండికీ ఒకటి, ఇలా పని పంచుకుంటారు. ఒక్కో కమిటీ ఏదో ఒక విషయం చేపట్టి, సంబంధించినవాళ్లను పిలిచి, విని, నివేదిక రాసి పెద్ద సభ ముందు పెడుతుంది. ఏడాది చివర ఎన్ని సమావేశాలు జరిగాయో, ఎన్ని నివేదికలు వెళ్లాయో పేపర్లో వేస్తారు. మిగతా ఆడవాళ్లు బంగారం ధర చూసే పేపర్లో నేను ఆ అంకెలు కూడేదాన్ని. ఒక ఏడాది కూడిక సరిపోలేదని రెండు రోజులు బెంగపెట్టుకున్నాను. తీరా చూస్తే నేనే ఒక కమిటీని వదిలేశాను.

"నువ్వు ఓటరువా, ఆడిటరువా?" అన్నారు మా ఆయన.

"రెండూ కాను."

"అయితే చారులో ఉప్పు వేశావో లేదో చూడు. అది మన శాఖ."

అలాంటి నాకు, ఆ కమిటీల్లో ఒకదాని ముందు కూర్చునే యోగం పట్టింది. ఆ ఏడాది చదువుల కమిటీ నర్సరీల సంగతి చేపట్టింది. పసిపిల్లల నర్సరీలు నేల మీదే ఉండాలి, పై అంతస్తుల్లో ఉండకూడదు అన్నది ఆలోచన. అది అలాగే పెద్ద సభకు వెళ్తే మా నర్సరీకి తాళం పడుతుంది. విల్లా అద్దెకు తీసుకునే స్తోమత మేడమ్‌కు లేదు. తాళం పడితే నేను, వంటావిడ, డ్రైవరు, ఆయాలు, అందరం వీసాలు రద్దు చేయించుకుని ఇంటిదారి పట్టాల్సిందే.

నర్సరీల తరఫున ముగ్గురిని పిలిచారు. అందులో మేడమ్ ఒకరు. సరిగ్గా ఆ వారమే సోహార్‌లో వాళ్లమ్మాయికి పురుడు వచ్చింది.

"అనసూయా, నా బదులు నువ్వు వెళ్లు. నీకంటే బాగా ఎవరు చెబుతారు?" అంది.

మా పెద్ద ఆయా రమణమ్మది కడప జిల్లా. బయల్దేరుతుంటే లిఫ్టు దాకా వచ్చింది.

"ఈ వయసులో నన్ను ఇంకెవురు పనికి పెట్టుకుంటారమ్మా. నువ్వు గెట్టిగా చెప్పి రా."

"గట్టిగా కాదు రమణమ్మా, క్రమంగా చెప్పాలి. ఏడు కారణాలు సిద్ధం చేసుకున్నాను."

"ఏడెందుకు? వద్దు అని ఒక్కటి చెప్తే సాల్దా?"

చదువుకోని మనిషి, సభా మర్యాదలు ఏం తెలుస్తాయిలే అనుకుని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పెద్ద హాలు. గుర్రపునాడాలా వంగిన బల్ల. ప్రతి కుర్చీ ముందూ ఒక మైకు, నొక్కితే ఎర్ర దీపం. నా వంతు వచ్చేసరికి తడుముకోకూడదని కూర్చోగానే నొక్కి పెట్టుకున్నాను. ముందుచూపు అంటే అదీ. నాకు ఒక పక్క బర్కా నుంచి వచ్చిన ఒమానీ ఆవిడ, ఇంకో పక్క సలాలా నుంచి వచ్చిన మలయాళీ పెద్దమనిషి. ఆవిడ నర్సరీ ఖర్జూరం తోటలో ఉంది, ఆయనది కొబ్బరి తోటలో. ఇద్దరివీ నేల మీదే కనుక ఇద్దరికీ ఏ దిగులూ లేదు. నా వెనక కూర్చున్న ఆఫీసరమ్మ కమిటీ అధ్యక్షులవారి అరబ్బీని ఇంగ్లీషులో నా చెవిలో వేస్తోంది. దాంతోపాటే సమావేశం మినిట్స్ కూడా రాస్తోంది.

ఇక్కడ మీకొక సంగతి మనవి చేయాలి. మా గోదావరి వైపు పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఊకొట్టాలి. కొట్టకపోతే "వింటున్నావా, గోడకి చెబుతున్నానా?" అంటారు. ఊఁ అంటే ఒప్పుకున్నానని కాదు. తమరి మాట చెవిలో పడింది, తరువాతది పంపండి అని. మా నాన్న పక్కింటాయన మన స్థలంలోకి జరిగి గోడ కడతానని చెబుతుంటే గంటసేపు ఊకొట్టి, అంతా విన్నాక లోపలికెళ్లి కర్ర తెచ్చారు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లను నేను.

అధ్యక్షులు తెల్లగడ్డం పెద్దాయన. నెమ్మదైన గొంతు. "పసివాళ్లకు నేల మీద ఉండడమే క్షేమం," అన్నారు.

"ఊఁ," అన్నాను. మైకు పుణ్యమా అని అది హాలంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది.

"నిప్పు అంటుకుంటే పైనుంచి పిల్లల్ని దించడం కష్టం."

"ఊఁ ఊఁ." విషయం గంభీరమైనది కనుక రెండు.

"పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు కొంత గడువిచ్చి ఖాళీ చేయించాలని మా ఆలోచన."

అన్యాయం వినేటప్పుడు మా వైపు ఊఁ సాగుతుంది. "ఊఁ…" అన్నాను, తాడు లాగినంత పొడుగ్గా. సభ్యులిద్దరు నా వైపు మెచ్చుకోలుగా చూశారు. బాగా వింటోందని మెచ్చుకుంటున్నారు కాబోలు అని ఇంకొంచెం నిటారుగా కూర్చున్నాను.

"మరి ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

ఉంది, అక్కడికే వస్తున్నాను అన్న ధోరణిలో, నిలువూ అడ్డమూ కాని మన పద్ధతిలో తల ఊపుతూ, ఏడు కారణాలు మనసులో వరసపెట్టుకుంటూ, "ఊఁ… ఊఁ…" అన్నాను.

అది 'లేదు లేదు' అన్నట్టు వినిపించింది కాబోలు, ఆయన ముఖం విప్పారింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో అని లేచారు. అందరూ లేచారు. ఆఫీసరమ్మ నా చెవిలో చెప్పింది: "పై అంతస్తులో నడుపుతూ కూడా పిల్లల క్షేమం కోసం ప్రతి అంశాన్నీ సమర్థించిన ఈ అమ్మకు ప్రత్యేకంగా ధన్యవాదాలు అన్నారు."

నేను కుర్చీలోంచి లేచేసరికి అధ్యక్షులు తలుపు దాటారు. నా మైకు దీపం మాత్రం ఇంకా వెలుగుతోంది.

బయటికొచ్చి సోహార్‌కు ఫోను చేశాను.

"ఏమన్నావు అనసూయా?"

"ఊఁ అన్నాను మేడమ్."

"తర్వాత?"

"మళ్లీ ఊఁ అన్నాను."

"మధ్యలో?"

"మధ్యలో వాళ్లు మాట్లాడారు."

వెనక పురిటిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆ బిడ్డకున్న పాటి నోరు నాకు లేకపోయింది కదా అనుకున్నాను. మేడమ్ తిట్టలేదు. తిడితే తేలికయ్యేది. "ఇంటికెళ్లి ఏమైనా తిను," అంది. అంతకంటే పెద్ద దెబ్బ లేదు.

రమణమ్మ మాత్రం వదల్లేదు. "వద్దని చెప్పేదానికి కదా నువ్వు పోయింది?"

"చెప్పేలోపు అయిపోయింది రమణమ్మా."

"నాతో మాత్రం పొద్దుమానం మాట్లాడతావు. ఆడికి పోయి మూగదానివైతివా?"

మేడమ్ మస్కట్ వచ్చి కమిటీ ఆఫీసుకు ఎంత బతిమాలుకుందో నాకు తెలియదు. నివేదిక ఇంకా రాయలేదు, వచ్చే వారం కొన్ని నర్సరీలు స్వయంగా చూస్తాం, మీది కూడా చూస్తాం అన్నారట. సమావేశాలు ముగింపుకొచ్చాయి. ఇక ఇంకో అవకాశం లేదు.

వెంటనే రమణమ్మ నాకు శిక్షణ మొదలుపెట్టింది. "నేను మాట్లాడతా, నువ్వు ఊఁ అనకుండా ఇను. నిన్న నువ్వు తెచ్చిన పప్పులో ఉప్పు ఎక్కువైంది."

"ఊఁ."

"మొదటికే పోయింది కదమ్మా."

అయిదు రోజులు ప్రయత్నించాం. ఊపిరి బిగబట్టడమైనా వచ్చింది కాని ఊఁ బిగబట్టడం రాలేదు. నోరు మూస్తే తల ఊగేది. తల పట్టుకుంటే గొంతు లేచేది. చివరికి నాకే ఉపాయం తట్టింది. మా ఆయనకు మెడనొప్పికి డాక్టరు ఇచ్చిన పట్టీ ఉంది, మెడ చుట్టూ డబ్బాలా నిలబడేది. అది కట్టుకుంటే తల కదలదు. బుగ్గన పెద్ద పటికబెల్లం ముక్క పెట్టుకుంటే ఊఁ రాదు. వాళ్ల మాటలు అయ్యేదాకా ఇలా ఉండి, తర్వాత బెల్లం మింగి మాట్లాడాలి. ఆ రాత్రి నా తెలివికి నేనే ముచ్చటపడి నిద్రపోయాను.

అధ్యక్షులు, ఇద్దరు సభ్యులు, ఆ ఆఫీసరమ్మ లిఫ్టులో వచ్చారు. నేను ద్వారం దగ్గర పెట్టెలో ప్యాక్ చేసిన కూజాలా నిలబడ్డాను. ఆయన నన్ను చూసి ఆగిపోయారు.

"ఏమైందమ్మా మెడకి?"

నోట్లో బెల్లం. ఏం చెప్పను? చూస్తూ ఉన్నాను.

"మెట్ల మీద పడ్డారా?"

తల అడ్డంగా ఊపుదామంటే పట్టీ ఊపనిస్తుందా? కళ్లు మాత్రం అటూ ఇటూ తిప్పాను. నొప్పి బాధ అనుకున్నట్టున్నారు. పాపం, సభ్యులిద్దరూ నాలుక చప్పరించారు. ఆఫీసరమ్మ రాసుకుంటూ పైకే చదివింది: "మేనేజరే మెట్ల మీద పడినట్టు తెలుస్తోంది."

మేడమ్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "అనసూయా, మాట్లాడు."

వెనకనుంచి రమణమ్మ తెలుగులో, "ఉమ్మెయ్యమ్మా, ఆ బెల్లం ఉమ్మెయ్యి," అంది.

గుటుక్కున మింగాను. అది అడ్డం పడి దగ్గు వచ్చింది. కళ్లనీళ్లు కారాయి. ఆ కంగారులో పట్టీ పట్టుకుని చర్రున లాగేశాను.

"నేను పడలేదు. నాకు మెడనొప్పి లేదు. ఇది మా ఆయనది."

"అయితే మెట్ల మీద పడింది ఆయనా?"

"కాదండీ. ఆయన టీవీ ముందు పడుకుని తెచ్చుకున్నది."

ఇక దాచి లాభం లేదు. ఊకొట్టడం అంటే ఏమిటో, ఎందుకు కొడతామో, మా నాన్న కర్రతో సహా చెప్పేశాను. ఆ ఊపులోనే ఏడు కారణాలూ మొదలుపెట్టాను. వెనక వైపు నేరుగా పెరట్లోకి దిగే రెండో మెట్లదారి చూపించాను. లిఫ్టు, కిటికీ చువ్వలు, డాబా మీద వల కట్టిన ఆటస్థలం చూపించాను. ఈ వీధిలో దుకాణాల్లో పనిచేసే తల్లులు మధ్యాహ్నం వచ్చి పిల్లలకు పాలిచ్చి వెళ్తారని, ఊరి చివర విల్లాకి వాళ్లు రాలేరని చెప్పాను. మెట్ల కొలతలు కూడా చెప్పాను, అడగకపోయినా. ఎక్కడా ఆగలేదు. ఆగితే ఎవరైనా మాట్లాడతారు, మాట్లాడితే నేను వినాల్సి వస్తుందని భయం.

చెబుతూ చెబుతూ చూశాను కదా, అధ్యక్షులవారు తల ఊపుతున్నారు. సభ్యులూ ఊపుతున్నారు. గొంతులో సన్నగా "మ్… మ్…" అని కూడా అంటున్నారు. ఇక అడగక తప్పలేదు.

"అయ్యా, తమరు ఒప్పుకుంటున్నారా, వింటున్నారా?"

ఆయన గడ్డం సవరించుకున్నారు. "ఇప్పటికి వింటున్నాం."

వేసవి ముదరకముందే నివేదిక పెద్ద సభకు వెళ్లింది. కొత్త నర్సరీలు నేల మీదే పెట్టాలి. ఇప్పటికే పైన ఉన్నవి, లిఫ్టూ రెండో మెట్లదారీ ఉంటే, అక్కడే నడవవచ్చు. మేడమ్ అరబ్బీలో చదివి వినిపిస్తుంటే రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

"ఏడిట్లో ఏ కారణం పని చేసిందంట మేడమ్?" అని అడిగింది.

మేడమ్ నా వైపు చూడకుండా చెప్పింది. ఆఫీసరమ్మ ఫోనులో చెప్పిందట. కమిటీలో చర్చ ఎటూ తేలకుండా సాగుతుంటే, కాదంటే ఆ మేనేజరమ్మ మళ్లీ వచ్చి మాట్లాడుతుందని ఒక సభ్యుడు గుర్తుచేశాడట. ఆ తర్వాత ఇంకెవరికీ అభ్యంతరం లేకపోయిందట.

అందుచేత పాఠకులారా, నా పేగులో కరిగిన ఆ పటికబెల్లం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశపు కమిటీ ముందైనా సరే, నేను ముందు మాట్లాడతాను. వాళ్లది తర్వాత వింటాను. వీలైతే అసలు విననే వినను.