కుప్ప మీద నిలబడ్డ గోల్‌కీపర్

మా చిన్నప్పుడు... కోతల రోజుల్లో సముద్రం వైపు మబ్బు పట్టిందంటే ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు. అట్లాంటి ఒక శుక్రవారం పొద్దున్నుంచీ గాలి లేదు, ఒకటే ఉక్క. కోసిన వరికట్టలన్నీ కళ్ళంలోనే ఉన్నాయి. అమ్మా నేనూ వాటిని మోసి ఒకచోట చేరుస్తుంటే, నాయన కుప్పకు అడుగు వేస్తున్నాడు.

తోటపల్లి గూడూరు దగ్గర ఊరు మాది. ఉన్నది కాస్తంత మాగాణి.

కుప్ప వేయడానికి ఇద్దరు కావాలి. కింద ఒకరు కట్ట విసరాలి. పైన ఒకరు దాన్ని పట్టి, వెన్నులు లోపలికి వచ్చేట్టు పేర్చాలి. మా ఇంట్లో విసిరేది నాయన, పట్టేది మా అన్న దేవదానం. అన్న "ఊఁ" అంటేనే నాయన చెయ్యి లేచేది. కట్ట పక్కకు పోయినా, తలమీదుగా పోయినా అన్న కింద పడనిచ్చేవాడు కాదు.

ఆ చేతులు చూసే నెల్లూరు కాలేజీలో అన్నను ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకుని గోలు దగ్గర నిలబెట్టారు. "బంకచేతుల దేవదానం" అని పిలిచేవాళ్ళట... ఇంటికొచ్చి చెప్పి తనే నవ్వేవాడు.

ఆ సాయంత్రం అన్న బస్సు దిగి వచ్చాడు. మర్నాడు ఫైనలు. అమ్మ చేత ప్రార్థన చేయించుకుని, పొద్దున్నే తిరిగి పోదామని వచ్చాడు.

"రేపు రైల్వే వాళ్ళు చూడ్డానికి వస్తారంట మే. బాగా ఆడినోళ్ళకు ఉద్యోగం ఇస్తారంట," అన్నాడు నాతో, నీళ్ళ గాబు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ.

నాయన విన్నాడు. "బంతి పట్టినోడికి ఉద్యోగమా? అట్టయితే కట్ట పట్టినోడికి కలెక్టరు పని ఇయ్యాల."

అమ్మ కూడా నవ్వింది. నాయన మాత్రం అప్పటికే తూర్పు దిక్కు చూస్తున్నాడు.

"మబ్బు చూస్తివా అబ్బయ్యా... ఒకసారి కుప్ప ఎక్కు."

"ఈ ఒక్క దినం ఎవుర్నన్నా పిలవగూడదా నాయనా?"

"ఎవుర్ని పిలిచేది? అందరి కట్టలూ కళ్ళాల్లోనే ఉండాయి గదా."

అన్న చొక్కా విప్పి నా భుజం మీద వేసి ఎక్కాడు.

కుప్ప సగానికి పైగా లేచింది. ఉరిమింది. నాలుగు చినుకులు పడ్డాయి. నాయనకు తొందర పుట్టింది. అన్న ఇంకా వంగి ముందు కట్ట సర్దుతున్నాడు, "ఊఁ" అనలేదు. నాయన ఇంకో కట్ట విసిరేశాడు. అన్న చటుక్కున తిరిగి దాన్ని పట్టాడు... పట్టి, దాంతోపాటే కిందికి జారిపోయాడు. ఎడమచెయ్యి ఒంటి కింద మడతపడింది.

"ఏమైందిరా?"

"ఏం కాలా. వెయ్ నాయనా."

మళ్ళీ ఎక్కి, మిగిలిన కట్టలన్నీ కుడిచేత్తోనే పట్టాడు.

దీపం పెట్టే వేళకు మణికట్టు బుడ్డలాగా వాచింది. అమ్మ పసుపు, ఆముదం వెచ్చచేసి పట్టు వేసి, పాతచీర చింపి కట్టు కట్టింది.

తెల్లారి చూస్తే మబ్బు లేదు. ఉత్తరంగా పోయింది. ఆ నాలుగు చినుకులే వాన.

"పోవద్దు అబ్బయ్యా," అంది అమ్మ.

"నేను పోకపోతే గోల్లో ఎవురు నిలబడతారు మా?" అన్నాడు అన్న. చొక్కా చెయ్యి కట్టు మీదికి లాక్కుని బస్సుకు వెళ్ళాడు.

ఆట మేమెవరమూ చూడలేదు. ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక కాలేజీ పిల్లలు, వాళ్ళతో ఒక లెక్చరరు అన్నను వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు. దండలు తెచ్చారు. చుట్టుపక్కల వాళ్ళంతా చేరాక లెక్చరరు చెప్పాడు.

"ఆఖరి బంతి ఆపబోయి మణికట్టు విరగ్గొట్టుకున్నాడండీ మీ వాడు. అయినా బంతి వదల్లేదు. ఒంటిచేత్తో గెలిపించాడు. కాలేజీ ఉన్నంతకాలం ఈ పేరు ఉంటుంది."

ఇలాంటి కొడుకును కన్నందుకంటూ నాయన మెడలో కూడా ఒక దండ వేశారు. నాయన అన్న వైపు చూశాడు. అన్న కాలి బొటనవేలితో మట్టి గీకుతున్నాడు.

వాళ్ళు వెళ్ళాక నాయన కుప్పకు ఆనుకుని కూర్చున్నాడు. దండ తియ్యలేదు.

"ఎందుకు చెప్పలేదురా వాళ్ళకు?"

"చెప్పుంటే ఆ దండ నీ మెళ్ళో వేసుందురా?" అన్నాడు అన్న, నవ్వించాలని.

నాయన నవ్వలేదు.

రైల్వే వాళ్ళు నిజంగానే పిలిచారు. అక్కడి డాక్టరు చెయ్యి తిప్పమన్నాడట. తిరగలేదు. ఎముకలు కట్టేవాళ్ళ దగ్గరికి ఎన్నిసార్లు తిప్పినా ఆ మణికట్టు మళ్ళీ సరిగా రాలేదు.

ఆ తర్వాత నాయన ఎప్పుడూ కుప్ప వేయలేదు. ఏ రోజు కోసింది ఆ రోజే నూర్పించేవాడు. కుదరక ఒక ఏడాది కట్టలు కళ్ళంలోనే తడిసి మొలకెత్తాయి. అమ్మ గొణిగింది. 

ఇప్పుడు మిషను వచ్చి పూటలో కోసి వడ్లు పోసి పోతోంది... కుప్పలే లేవు. మొన్న మనమంతా రాసుకునే ఈ గుంపులోనే ఒకాయన రాశారు, ఆఖరి బంతికి చెయ్యి విరిగినా నిలబడ్డ గోల్‌కీపర్ గురించి. తాతల నాటి మాటగా తమ కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారట. చదివి సంతోషించాను. తప్పు పట్టడానికి రాయడం లేదు. నాయన, అన్న ఇద్దరూ లేరు కనుక రాస్తున్నాను. మీ కాలేజీల్లో కూడా అలా పేరు నిలిచిపోయిన ఆటగాళ్ళు ఉంటారు. వాళ్ళ గురించి చెప్పండి... వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఏం చెప్పేవాళ్ళో తెలిస్తే అది కూడా రాయండి.

చెయ్యి విరిగిన ఏడాది పరీక్షలు అయిన మర్నాడు, మంగళవారం పొద్దుటి బస్సుకు, అన్న మద్రాసు వెళ్ళాడు. అక్కడ ఒక గోడౌనులో కాపలా పని. నాయన నా పెళ్ళయిన ఏడు, కోతలు మొదలవకముందే చనిపోయాడు.