అట్ట మీద గడ్డకట్టిన చుక్క

కర్నూలు పెద్ద ల్యాబువాళ్లు ఇన్నేళ్లూ నన్ను మనిషిగానే లెక్కచేయలేదు. ఎనభైల్లో ఆదోని ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తూ, కామెర్ల వైరస్‌ను మిషను లేకుండా పట్టే చౌక పరీక్ష ఒకటి తయారుచేశాను. వైరస్‌ను పట్టే మందు పూసిన గొర్రె రక్తకణాలను అట్ట మీద ఉంచి, రోగి రక్తపు తేట ఒక చుక్క వేయాలి. వైరస్ ఉంటే కణాలు గడ్డకడతాయి. నా పరీక్ష నిజమో కాదో కర్నూలు మిషనే తేల్చాలి.

ఎమ్మిగనూరు నేతగాడు ఒకాయన పసరు తాగి, కళ్ల పచ్చదనం పోయాక వచ్చాడు. వాళ్లమ్మ ఆయన మూత్రంలో అన్నం మెతుకులు వేసి, పచ్చబడతాయేమోనని చూసిందట.

“మెతుకులు తెల్లగానే ఉండాయన్నా. ఇంగ నీ అట్ట ఏం సెప్తాదో సూడు,” అని నవ్వాడు.

కణాలు గడ్డకట్టాయి. “రక్తంలో ఇంకా ఉంది,” అన్నాను. ఆయన రక్తాన్ని కర్నూలుకు పంపాను. అక్కడి జవాబు రాకముందే ఇంట్లో ఆయన కంచం, గ్లాసు వేరుచేశారు. కూతుర్ని ఎత్తుకోనివ్వలేదు.

సంతకు వచ్చినప్పుడల్లా ల్యాబు కిటికీ దగ్గర నిలబడేవాడు. “కర్నూలోళ్లు ఏమన్నా సెప్పినారా అన్నా?”

ప్రతిసారీ నేను కర్నూలుకు ఇంకో ఉత్తరం రాసేవాణ్ణి; ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆ కూతురి పెళ్లిలోనూ ఆయన విడిగా కూర్చుని తిన్నాడు. నేను ఎదురు పంక్తిలో అందరితో కలిసి తిన్నాను.

ఆయన రక్తంలో వైరస్ ఉందా, లేదా? కర్నూలు ల్యాబువాళ్లారా, ఇప్పటికైనా చెప్పండి.